గొంతు పిసికిన కేసుల మీద ఒక రోజు శిక్షణ: ఏం నేర్పాలి, ఏం వదిలేయాలి

అడిగిన ప్రశ్న: "నేను జిల్లా సఖి కేంద్రంలో (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్) కేస్ వర్కర్‌ని. భర్త గొంతు పిసికాడని చెప్పే ఆడవాళ్లు మా దగ్గరికి తరచూ వస్తున్నారు. కానీ వాళ్ల ఆస్పత్రి కాగితాల్లో, ఎఫ్‌ఐఆర్‌లో ఆ మాటే ఉండట్లేదు. 'కొట్టాడు' అని మాత్రం ఉంటోంది. క్యాజువాలిటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, మహిళా పోలీస్ స్టేషన్ సిబ్బంది, ఏఎన్‌ఎంలు, ఆశాలు అందరికీ ఒక రోజు శిక్షణ పెట్టడానికి పై అధికారులు ఒప్పుకున్నారు. ఆ రోజు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?"

నేను ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పనిచేసిన డాక్టర్ని. ఎమ్మెల్సీలు (పోలీసు కేసుకి సంబంధించి ఆస్పత్రిలో రాసే మెడికో లీగల్ కాగితాలు) రాశాను, రాసినవాటి మీద కోర్టుల్లో సాక్ష్యం చెప్పాను, తర్వాత పోలీసులకీ ఆస్పత్రి సిబ్బందికీ ఇలాంటి క్లాసులు తీసుకుంటూ వచ్చాను. కాస్త పొడుగ్గానే చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ఒక్క రోజు చాలు. కాకపోతే ఆశ తగ్గించుకోవాలి. గృహహింస అంటే ఏమిటి, చట్టం ఎప్పుడొచ్చింది, దేశంలో పరిస్థితి ఎలా ఉంది అని మొదలుపెడితే భోజనాల వేళకే సగం మంది ఫోన్లలో ఉంటారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పటికి వాళ్లకు రెండు పనులు రావాలి: గొంతు గురించి సూటిగా అడగడం, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయడం. మిగతాదంతా ఈ రెండింటికీ ఆసరా మాత్రమే. ఎందుకంటే ఈ నేరంలో చాలాసార్లు ఆమె మాట తప్ప ఇంకేమీ మిగలదు. ఆ మాట మొదటి కాగితంలో ఎక్కకపోతే తర్వాత ఎవరూ ఎక్కించలేరు.

మొదటి అరగంటలో ఒకే ఒక్క విషయం చెప్పండి. అమెరికాలో శాన్ డియాగో నగరంలో 1995లో ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు గృహహింసలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రాసిక్యూటర్లు, డాక్టర్లు కలిసి గొంతు పిసికిన కేసుల ఫైళ్లు 300 తిరగేశారు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగం మందికి బయటికి కనిపించే గాయమే లేదు. ఇంకో 35 శాతం మందికి ఏదో కాస్త ఎరుపు, గీరుడు, ఫొటోలో పడనంత చిన్నవి. ఫొటో తీయదగ్గ గాయం ఉన్నది 15 శాతం మందికే. ఇవన్నీ పోలీసు దాకా వచ్చిన కేసులని గుర్తుంచుకోండి. ఇక మన చామనఛాయ, నలుపు ఒంటి రంగు మీద మొదటి రోజు కమిలిన మచ్చ కనబడడం ఇంకా కష్టం.

ఈ లెక్క చెప్పి ఊరుకోకండి. వచ్చిన డాక్టర్లను ఒకటి అడగండి: ఎంబీబీఎస్‌లో గొంతు నులమడం గురించి ఎక్కడ చదివారు? అస్ఫిక్సియా (ఊపిరాడక చనిపోవడం) పాఠంలో, శవపరీక్షలో భాగంగా. గొంతులోని హయాయిడ్ ఎముక విరిగిందా, మెడ కండరాల్లో రక్తం చేరిందా, ముఖం నల్లబడిందా... అన్నీ చనిపోయినవాళ్ల గుర్తులే. బతికి నడుచుకుంటూ వచ్చిన మనిషి మెడను ఎలా చూడాలో మాకెవరూ పెద్దగా నేర్పలేదు. అందుకే క్యాజువాలిటీలో మెడ ఎక్స్‌రే తీసి, ఎముక బాగుందని, ఆక్సిజన్ 98 ఉందని చూసి పంపించేస్తారు. వయసులో ఉన్నవాళ్లకు ఆ ఎముక అంత తేలిగ్గా విరగదు. చెయ్యి తీసేశాక ఆక్సిజన్ మామూలుకి వచ్చేస్తుంది. ఆ రెండూ బాగున్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు.

అదే పాఠంలో ఉన్న అంకెలనే ఇక్కడ వాడుకోవచ్చు. తల నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే జుగులర్ సిరలు మూసుకుపోవడానికి దాదాపు 2 కిలోల ఒత్తిడి చాలు. మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులకు దాదాపు 5 కిలోలు. శ్వాసనాళం మూసుకోవాలంటే 15 కిలోల దాకా కావాలి. అంటే ఊపిరి ఆగకముందే మెదడుకి రక్తం ఆగుతుంది. "ఊపిరి ఆడుతూనే ఉంది, అరుస్తూనే ఉన్నాను" అని ఆమె చెబితే అబద్ధం చెబుతోందని అర్థం కాదు. రెండు వైపులా కెరోటిడ్ నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. ఇంకొన్ని సెకన్లు పట్టు అలాగే ఉంటే మూత్రం పడిపోతుంది, ఇంకా ఉంటే మలం. నిమిషాల్లో ప్రాణం పోతుంది. గదిలో గడియారం చూస్తూ పది సెకన్లు అందర్నీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టండి. అది చాలు, వీడియోలు అక్కర్లేదు.

ఇక అడగడం. శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

మామూలుగా ఏం అడుగుతారు? "ఏమైందమ్మా?" "మా ఆయన కొట్టాడు." "దేంతో?" "చేత్తో." అంతే, రాసేస్తారు. గొంతు సంగతి ఆమె తనంతట తానుగా చెప్పదు. కొందరికి అది పెద్ద విషయంగా అనిపించదు, ఎందుకంటే నొప్పి చెంప మీదో నడుము మీదో ఉంటుంది. కొందరికి చెప్పడానికే భయం. అందుకని దెబ్బల గురించి అడిగిన ప్రతి మనిషినీ ఇంకో ప్రశ్న అడగడం అలవాటు చేయాలి: "గొంతు మీద గాని మెడ మీద గాని చెయ్యి వేశాడా? చున్నీ, చీర కొంగు, వైరు లాంటిది ఏదైనా బిగించాడా? మోచేత్తో, మోకాలితో నొక్కాడా?" మీ ప్రాంతంలో జనం ఏమంటారో ఆ మాటే వాడండి. పీక పట్టుకోవడమని, గొంతు నులమడమని, మెడ పిసకడమని ఒక్కోచోట ఒక్కోలా అంటారు. ఆశాలను అడిగితే నిమిషంలో చెబుతారు, పుస్తకాల్లో వెతకొద్దు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా భర్త గొంతు నులమబోయాడా, కావాలని ఒళ్లు కాల్చబోయాడా అని రెండూ కలిపి ఒకే ప్రశ్నగా అడుగుతారు. గొంతు నులిమినవి ఎన్నో, ఒళ్లు కాల్చినవి ఎన్నో విడిగా తెలియదు. మీ రిజిస్టరులోనైనా విడగొట్టండి.

అవునని చెబితే తర్వాతి ప్రశ్నలు. ఒక చేత్తోనా, రెండు చేతులతోనా? ముందు నుంచా, వెనక నుంచా? పడుకోబెట్టి, గోడకు అదిమి, ఎలా? అప్పుడు ఏమంటున్నాడు? కళ్లకు ఎలా కనిపించింది, చీకట్లు కమ్మాయా, చెవుల్లో హోరు వచ్చిందా? ఇప్పుడు మింగుతుంటే ఎలా ఉంది, గొంతు మారిందా? ఎందుకు వదిలాడు?

ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. తనంతట వదిలాడా, అత్తగారు తలుపు కొట్టారా, పిల్లాడు ఏడ్చాడా, పక్కింటివాళ్లు వచ్చారా, ఆమె చేతిని కొరికిందా. ఎవరో అడ్డుపడితే గాని వదల్లేదంటే ఉద్దేశం ఏమిటో కోర్టుకి అర్థమవుతుంది. పైగా సాక్షి ఎవరో కూడా అక్కడే దొరుకుతారు.

"స్పృహ తప్పిందా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదంటారు. తప్పినవాళ్లకు అది తెలియకపోవచ్చు. దానికి బదులు "గొంతు పట్టుకున్నప్పుడు ఎక్కడ ఉన్నారు? తర్వాత గుర్తున్నది ఏమిటి? అప్పుడు ఎక్కడ ఉన్నారు?" అని అడగమనండి. మంచం దగ్గర నిలబడి ఉన్నట్టు గుర్తుంది, తర్వాత నేల మీద పడి ఉన్నట్టు గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు అంటే ఆ ఖాళీ ఎందుకొచ్చిందో వైద్యులు ఆలోచించాలి. "ఎంతసేపు పట్టుకున్నాడు?" అన్న ప్రశ్నకు మాత్రం పెద్ద విలువ ఇవ్వొద్దు. ఆ స్థితిలో కాలం ఎవరికీ తెలియదు. ఆమె "పావుగంట" అంటే అలాగే రాయాలి, దాని మీద క్రాస్ ప్రశ్నలు వేయకూడదు. ఆక్సిజన్ అందని మెదడు జ్ఞాపకాన్ని సరిగ్గా దాచుకోదు. ఇవాళ ఒకలా, రేపు ఒకలా చెప్పొచ్చు, వరస తప్పొచ్చు, తాగినట్టు తడబడొచ్చు. పోలీసులకు ఇది నచ్చజెప్పడం కష్టం, కానీ తప్పదు. మాట మారిందని అబద్ధాలకోరు అనేస్తారు.

మూత్రం సంగతి విడిగా, చాటుగా, వీలైతే నర్సమ్మ అడగాలి. ఎవరూ తమంతట తాము చెప్పరు, సిగ్గు. కొందరు భయానికి అలా అయిందనుకుంటారు. బట్టలు ఉతికేసి, స్నానం చేసి వస్తారు. "ఇలా పట్టుకున్నప్పుడు చాలామందికి బట్టల్లోనే మూత్రం పోతుంది, మీకూ అలా అయిందా?" అని అడిగితే తల ఊపుతారు. లైంగిక హింసలో గొంతు పట్టుకునే భర్తలు కూడా ఉన్నారు. ఆ ప్రశ్నా ఇక్కడే, తలుపు వేసి.

ఇవన్నీ అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారో చూడమనండి. భర్త ఎలాగూ ఉండకూడదు. అత్త, ఆడపడుచు, ఒక్కోసారి సొంత తల్లి కూడా ఉండకూడదు. "ఆమె బరువు చూడాలి" అని నర్సు లోపలికి తీసుకెళ్తే సరిపోతుంది. ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడియా కుటుంబం అయితే తెలుగు వచ్చిన పిల్లాడితో అడిగించడం మన దగ్గర మామూలైపోయింది. అది మాన్పించండి. ఫోన్‌లో ఒడియా వచ్చిన పెద్ద మనిషిని పట్టుకోవచ్చు.

రాయడం గురించి. ఎమ్మెల్సీ రిజిస్టరులో మనవాళ్లు రాసే వాక్యం మీకు తెలుసు: "అలెజ్డ్ హిస్టరీ ఆఫ్ అసాల్ట్ బై హస్బెండ్" (భర్త కొట్టాడని చెబుతోంది). కింద "నో ఎక్స్‌టర్నల్ ఇంజురీస్" (బయట గాయాల్లేవు). దాన్ని బట్టి ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్‌లో (గాయాల ధ్రువపత్రం) "సింపుల్", అంటే మామూలు గాయం. కేసు అక్కడే సగం చచ్చిపోయింది. శిక్షణలో పేర్లు, ఊర్లు కొట్టేసిన ఇలాంటి ఎమ్మెల్సీ ఒకటి పంచి, దీన్ని తిరిగి రాయమనండి. ఎలా ఉండాలంటే: "భర్త రెండు చేతులతో ముందు నుంచి గొంతు నొక్కాడని, 'ఇవాళ నిన్ను చంపేస్తా' అన్నాడని, కళ్లు చీకట్లు కమ్మి నేల మీద లేచినట్టు గుర్తుందని, బట్టల్లో మూత్రం పోయిందని ఆమె చెప్పింది. గొంతు బొంగురుగా ఉంది. మింగితే నొప్పి. మెడ ఎడమ వైపు ముట్టుకుంటే నొప్పి. బయట గాయాలు కనిపించలేదు. బయట గాయం లేనంత మాత్రాన గొంతు నొక్కలేదని చెప్పలేం." ఇంగ్లీషులో రాసినా సరే, ఆమె మాటలు కోట్స్‌లో ఉండాలి. ఆ చివరి వాక్యం తప్పకుండా రాయించండి. ఏళ్ల తర్వాత డిఫెన్స్ లాయరు ఆ కాగితం పట్టుకుని "గాయాల్లేవు కదా డాక్టర్?" అంటాడు. అప్పటికి ఆ డాక్టరు ఏ ఊరికి బదిలీ అయి ఉంటాడో, ఆ కేసు ఎంత గుర్తుంటుందో.

"సింపుల్, గ్రీవియస్" గురించి డాక్టర్లతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 116వ సెక్షన్‌లో తీవ్రమైన గాయం అంటే ఎముక విరగడం ఒక్కటే కాదు, ప్రాణానికి అపాయం తెచ్చే గాయం కూడా ఉంది. స్పృహ తప్పింది, మూత్రం పోయింది, కళ్లలో రక్తపు చుక్కలు ఉన్నాయి అంటే అది ప్రాణాపాయమా కాదా అన్న అభిప్రాయం డాక్టరే ఇవ్వాలి. ఒంటి మీద మచ్చ లేదు కాబట్టి సింపుల్ అని టిక్కు పెట్టడం అభిప్రాయం కాదు, అలవాటు.

ఏం చూడాలో నర్సులకూ డాక్టర్లకూ కలిపి చెప్పొచ్చు. మంచి వెలుతురులో కనురెప్పల లోపల, కంటి తెల్లగుడ్డులో, చెవుల వెనక, అంగిట్లో, జుట్టు పాయలు తీసి తల మీద సూదిమొన ఎర్రచుక్కలు వెతకాలి. గడ్డం కింద గీరుళ్లు చూడాలి, చేతులు లోపలికి రాకుండా ఆమె గడ్డం గట్టిగా దించేస్తుంది కాబట్టి. మెడ మీద గోటి గీరుళ్లు ఆమె సొంత గోళ్లవి కూడా కావచ్చు, అతని వేళ్లు ఊడదీసుకోవడానికి గీరుకుంటుంది. ఒక కనురెప్ప వాలినట్టుందా, ముఖం ఒక వైపు జారిందా, మాట తేడాగా ఉందా. గర్భిణి అయితే శిశువు గుండె చప్పుడు వినడం, గైనకాలజిస్టుకి చూపించడం.

స్పృహ తప్పినవాళ్లు, మూత్రం పోయినవాళ్లు, చూపు మారినవాళ్లు, గొంతు మారినవాళ్లు, ముఖంలో ఎర్రచుక్కలు ఉన్నవాళ్లు, మెడ మీద కమిలినా తాడు గుర్తు ఉన్నా, నరాల లక్షణాలు కనిపించినా మెడ రక్తనాళాలకు సీటీ యాంజియో స్కాన్ చేయించాలి. ధమని లోపలి పొర చీలితే ఆ రోజు ఏమీ తెలియకపోవచ్చు. రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత పక్షవాతం వస్తుంది. ముప్పై ఏళ్ల మనిషికి స్ట్రోక్ ఏమిటని అందరూ ఆశ్చర్యపోతారు, పాత గొడవ ఎవరికీ గుర్తుండదు. పీహెచ్‌సీలో ఈ పరీక్ష జరగదు. అక్కడ చేయాల్సింది 108లో పైకి పంపడం, రిఫరల్ చీటీ మీద "గొంతు నొక్కారు, స్పృహ తప్పింది" అని రాయడం. "అసాల్ట్" అని మాత్రమే రాసి పంపితే పై ఆస్పత్రిలో మళ్లీ మొదటికే వస్తుంది. గొంతు లోపల వాపు కొన్ని గంటల తర్వాత పెరిగే వీలుంది కాబట్టి, ఇంటికి పంపినా మొదటి రాత్రి ఒంటరిగా ఉండకూడదు. ఊపిరి ఇబ్బంది, మింగలేకపోవడం, తలనొప్పి, మూతి వంకర, చెయ్యి కాలు తిమ్మిరి, తికమక ఏది వచ్చినా వెంటనే రావాలని చిన్న చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ చీటీ మీద "భర్త" అన్న మాట గాని, గృహహింస అన్న మాట గాని ఉండకూడదు. అది ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు.

ఈఎన్‌టీ, కళ్ల డాక్టర్లను పిలవడం అందరూ మర్చిపోతారు. కారణం తెలియని బొంగురు గొంతుతో, కంట్లో ఎర్రటి రక్తపు మచ్చతో వచ్చే ఆడవాళ్లు వాళ్ల ఓపీలోనే ఉంటారు. వాళ్లను ఓ గంట కూర్చోబెట్టగలిగినా లాభమే.

పోలీసుల భాగంలో భోజనాల తర్వాత నిద్ర రానివ్వని విషయం ఒకటుంది: ఏ సెక్షన్ పెట్టారన్నదాన్ని బట్టి ఆ రాత్రి అతను ఇంటికి వెళ్తాడా లేదా అన్నది తేలుతుంది. గొంతు నొక్కడానికి మన దగ్గర విడిగా సెక్షన్ లేదు. భార్యను హింసించినందుకు బీఎన్ఎస్ 85వ సెక్షన్, పాత ఐపీసీలో 498ఏ, మూడేళ్లు. మామూలు గాయం 115(2), ఏడాది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటికి సుప్రీంకోర్టు 2014 ఆర్నేష్ కుమార్ తీర్పు, బీఎన్ఎస్ఎస్ (కొత్త నేర ప్రక్రియ చట్టం) 35 ప్రకారం సాధారణంగా అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపుతారు. 109, అంటే హత్యాయత్నం, పదేళ్ల దాకా, గాయమైతే యావజ్జీవం దాకా, నాన్ బెయిలబుల్. 109కి గాయం ఉండి తీరాలని లేదు. ఉద్దేశం, చేసిన పని, అప్పటి పరిస్థితి చూడాలి. పాత ఐపీసీలో హత్యాయత్నం సెక్షన్ 307 మీద 1983లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ప్రతి కేసులో 109 పెట్టేయమని నేను చెప్పను. అలా పెడితే కోర్టులో నిలవక మొత్తం మీదే నమ్మకం పోతుంది. ఏమన్నాడు, ఎలా పట్టుకున్నాడు, ఎందుకు వదిలాడు అని పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులు స్టేట్‌మెంట్‌లో ఉంటే ఏ సెక్షనో దానంతట అదే తేలుతుంది. అవి లేకుండా 109 రాసినా పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఏం చేయలేరు. ఒక ఏపీపీని (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఈ గంటకు పిలవండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం రాస్తే ఏర్పాటు చేస్తారు.

ఇంగ్లండ్, వేల్స్‌లోనూ ఇదే ఇబ్బంది ఉండేది. మచ్చ లేదు కాబట్టి చిన్న దాడి కేసుగా పోయేది. 2021 గృహహింస చట్టంతో గొంతు నొక్కడాన్ని విడి నేరం చేశారు. 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది, ఐదేళ్ల దాకా శిక్ష, గాయం చూపించాల్సిన పని లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016లో, న్యూజిలాండ్‌లో 2018లో ఇలాంటివే వచ్చాయి. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఉన్నవాటితోనే నడపాలి.

కౌన్సెలింగ్ సంగతి తప్పకుండా ఎత్తండి. మొగుడూ పెళ్లాల గొడవ అని ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒక కాగితం మీద సంతకాలు పెట్టించి, "ఇకనుంచి బాగుంటాను" అనిపించి పంపే పద్ధతి మన స్టేషన్లలో పాతుకుపోయింది. వైవాహిక గొడవల్లో ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణకు సుప్రీంకోర్టు 2013 లలితా కుమారి తీర్పు చోటిచ్చింది, బీఎన్ఎస్ఎస్ 173(3)లోనూ మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు ఆ విచారణ కోసం 14 రోజుల వ్యవధి ఉంది. హత్యాయత్నం దాంట్లోకి రాదు. అంతకంటే ముఖ్యంగా, 2008లో అమెరికాలో అచ్చయిన పరిశోధన ఒకటి చెప్పండి: అంతకుముందు గొంతు నొక్కించుకున్న ఆడవాళ్లు అదే మనిషి చేతిలో హత్యకు గురయ్యే ముప్పు, అలా జరగనివాళ్లతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉంది. ఇదివరకు గొంతు పట్టుకున్నాడా అన్నది ముప్పు అంచనా వేసే ప్రశ్నల్లో ముందు వరసలో ఉండడానికి కారణం అదే. చెంపదెబ్బ తర్వాత వచ్చే ఇంకో మెట్టు కాదు ఇది. "చంపగలను, ఇప్పుడు చంపలేదంతే" అని ఆమెకు చెప్పడం. అలాంటి మనిషి ఎదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తే ఆమె ఏం మాట్లాడుతుంది?

అతని చేతుల మీద, ఛాతీ మీద కొరికిన గుర్తులు, గీరుళ్లు ఉంటాయి. ఆమె ఒంటి మీద ఏమీ ఉండదు. అతనే ముందు స్టేషన్‌కి వచ్చి "నన్ను కొరికింది సార్" అని ఫిర్యాదు ఇస్తాడు. ఎస్సైలకు ఈ బొమ్మ ముందే తెలిసి ఉండాలి. ఇద్దరి మీదా కేసు పెట్టి చేతులు దులుపుకోకముందు, మనిషి వెనక నుంచి గొంతు పడితే నోటికి అందేది ఏమిటో ఆలోచించమనండి. చేతి ముంజేయి.

ఫొటోలు ఆ రోజూ తీయాలి, రెండు మూడు రోజుల తర్వాతా తీయాలి. మచ్చ అప్పుడే తేలుతుంది. చున్నీ, చార్జర్ వైరు, తువ్వాలు పంచనామా రాసి స్వాధీనం చేసుకోవాలి. ఫోన్‌లో తీసిన ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ మర్చిపోకూడదు. ఇవి పోలీసులకు తెలిసిన పనులే, కాబట్టి ఎక్కువ సమయం తీసుకోవద్దు.

ఆశాలు, ఏఎన్‌ఎంల మీద ఎక్కువ భారం వేయకండి. వాళ్లు అదే వీధిలో ఉంటారు, రేపు ఆ భర్త ఎదురుపడతాడు. వాళ్ల పని మూడు ముక్కలు: చున్నీ మెడకు గట్టిగా చుట్టుకుని, గొంతు బొంగురుపోయి కనిపిస్తే ఒంటరిగా అడగడం, "ఇది డాక్టరు చూడాల్సిందే" అని ఆస్పత్రికి తీసుకెళ్లడం, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు గాని మీ నంబరు గాని ఇవ్వడం. ఫిర్యాదు చేయమని బలవంతపెట్టడం వాళ్ల పని కాదు.

క్లాసు నడిపే తీరు గురించి నాకున్న గట్టి అభిప్రాయాలు కొన్ని. ఎవరి మెడ మీదా ఎవరూ చెయ్యి వేసి చూపించకూడదు, "ఊరికే డెమో కదా" అన్నా సరే. కానిస్టేబుళ్లు తప్పకుండా మొదలుపెడతారు, ఆపేయండి. కావాలంటే కాగితం మీద మెడ బొమ్మ గీయండి. ఆ గదిలో ఇది అనుభవించినవాళ్లు ఉంటారు, స్టాఫ్ నర్సుల్లో, మహిళా కానిస్టేబుళ్లలో, డాక్టర్లలో. చేసినవాళ్లూ ఉండొచ్చు. అందుకే పొద్దున్నే "మధ్యలో బయటికి వెళ్లాలనిపిస్తే అడగకుండా వెళ్లొచ్చు" అని చెప్పండి, పక్క గదిలో మీ కౌన్సెలర్ ఒకరిని ఉంచండి. ఎవరినీ సొంత కథ చెప్పమనొద్దు. బాధితురాలిని వేదిక మీదికి తెచ్చి మాట్లాడించడం నాకు అసలు నచ్చదు.

రోల్ ప్లే చేయిస్తే అడగడం మీదే చేయించండి, హింస మీద కాదు. ఇద్దరు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని, ఒకరు పై ప్రశ్నలు తెలుగులో అడగాలి, మూడో మనిషి రాయాలి. డాక్టరు పక్కన కానిస్టేబుల్, నర్సు పక్కన ప్రొటెక్షన్ ఆఫీసరు (గృహహింస చట్టం కింద నియమించిన అధికారి) ఉండేలా కలిపి కూర్చోబెట్టండి. ఒకరు రాసిన కాగితం ఇంకొకరికి ఎందుకు పనికిరాలేదో అప్పుడే తెలుస్తుంది. ఒక ఎస్సై తన పక్కన కూర్చున్న డ్యూటీ డాక్టర్‌ని "మీరు రాసిన దాంతో నేనేం చేయాలి మేడం?" అని అడిగినప్పుడు, నేను గంట చెప్పిన దానికన్నా ఎక్కువ పని జరగడం చూశాను.

సాయంత్రం చివరి అరగంట "ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది" అన్న ఒక్క విషయానికి ఉంచండి. సఖిలో ఐదు రోజుల దాకా ఉండొచ్చని, ఆ తర్వాత శక్తి సదన్‌కి (ఆడవాళ్ల ఆశ్రయ గృహం) పంపవచ్చని మీకు తెలుసు, క్యాజువాలిటీ డాక్టరుకి తెలియదు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే మీవాళ్లు ఎత్తుతారా, వాహనం ఎవరిది, పిల్లలు వెంట ఉంటే ఎలా అన్నవి ఆ గదిలోనే తేల్చండి. 2005 గృహహింస చట్టం కింద డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) ఎవరు నింపుతారు, 23వ సెక్షన్ కింద తాత్కాలిక రక్షణ ఉత్తర్వు అడగడానికి ఎమ్మెల్సీ నకలు ఎంత త్వరగా వస్తుంది అన్నవి కూడా. డీఐఆర్ లేదని ఏ ఆస్పత్రీ చికిత్స నిరాకరించకూడదని నిబంధనల్లోనే ఉంది, అది రిసెప్షన్ కౌంటరు దాకా చేరాలి.

శిక్షణ పనిచేసిందో లేదో ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ పెట్టి కొలవొద్దు. ఆ రోజు అందరూ పాసవుతారు. శిక్షణకు ముందే సూపరింటెండెంట్ అనుమతితో గత మూడు నెలల ఎమ్మెల్సీ రిజిస్టరులో భర్త కొట్టిన కేసులు ఎన్ని, వాటిలో గొంతు, మెడ అన్న మాట ఉన్నవి ఎన్ని అని లెక్క తీసి పెట్టుకోండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. మూడు నెలల తర్వాత మళ్లీ తీయండి. హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్లు మారిపోతూనే ఉంటారు కాబట్టి ప్రశ్నలన్నీ ఒక అట్ట మీద రాసి క్యాజువాలిటీ టేబుల్ అద్దం కింద పెట్టించండి, అనుబంధంగా ఉన్న మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగాన్ని కొత్త బ్యాచ్‌కి ఓ అరగంట చెప్పమని అడగండి. లెక్క రెండోసారి తీసినప్పుడు అంకె పెరగకపోతే మొత్తం శిక్షణ మళ్లీ పెట్టొద్దు. రాత్రి డ్యూటీలో ఎవరుంటున్నారో కనుక్కుని, వాళ్లనే పట్టుకోండి.